కత్తి కింది పలక

కూరగాయ తెగగానే కత్తి ఆగిపోదు. కింద ఉన్నదాన్ని కూడా పిసరంత కోసే ఆగుతుంది. ఒక పూట కూరకు ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, బెండకాయలు తరిగేసరికి వాదర పలకకు కొన్ని వందలసార్లు తగులుతుంది. తగిలిన ప్రతి చోటా ఒక సన్నని గీత పడుతుంది. గీతలోంచి లేచిన పొట్టు ముక్కలకు అంటుకుని బాండీలోకి పోతుంది. పలక చెక్కదైతే ఆ పొట్టు చెక్క, ప్లాస్టిక్కుదైతే ప్లాస్టిక్కు. తిండికి ప్లాస్టిక్కు తగలకుండా చూసుకోవాలనుకునే ఇంట్లో నీళ్ల సీసా, పప్పుల డబ్బా మారిపోయినా తరిగే పలక మాత్రం చాలాకాలం ఎవరి కంటా పడదు. నిజానికి మిగతా సామాన్లలో ప్లాస్టిక్కు ఆహారాన్ని తాకుతుంది, అంతే. దాన్ని రోజూ కత్తితో గీకేది పలక మీదే.

తెలుగు ఇళ్లకు ఈ చిక్కు కొత్తది. కత్తిపీటకు పలకతో పనే లేదు. పీటను కాలితో తొక్కిపట్టి, నిలువుగా నిలబడ్డ వాదరకు కాయను ఎదురు నెడతారు. కత్తి కదలదు, వంకాయే కదులుతుంది. తెగిన ముక్క తిన్నగా కింద ఉప్పునీళ్ల గిన్నెలో పడుతుంది. వాదర కాయకు తప్ప దేనికీ తగలదు కాబట్టి త్వరగా మొద్దుబారదు, రాలడానికి కింద ఏమీ ఉండదు. బెంగాల్లో బొటి, మహారాష్ట్రలో విళీ, తమిళనాట అరివాళ్‌మణై ఇదే పద్ధతిలో పనిచేస్తాయి. ఇనుప వాదర తగిలి అరటికాయ, వంకాయ నల్లబడే మాట నిజమే. కాయలోని వగరు పదార్థాలు ఇనుముతో కలవడం వల్ల వచ్చే రంగు అది, హాని చేసేది కాదు. నిలబడి గట్టు మీద వండుకోవడం మొదలయ్యాక కత్తిపీట గది మూలకు చేరింది, దాని చోటికి చాకూ, చాకూతో పాటు పలకా వచ్చాయి. ఇప్పుడు కొన్ని కత్తిపీటలు ప్లాస్టిక్కు పీటతో వస్తున్నాయి. ముక్కలు దాని మీద పడకుండా గిన్నెలో పడేటట్టు పెట్టుకుంటే దానివల్ల ఇబ్బంది లేదు.

అంగళ్లలో కనిపించే మందపాటి తెల్ల పలకలు ఎక్కువగా అధిక సాంద్రత గల పాలిథిలీన్‌తో చేసినవి. పలుచగా, రంగురంగుల్లో, చుట్టచుట్టేందుకు వీలుగా ఉండేవి సాధారణంగా పాలీప్రొపిలీన్‌వి. పాలిథిలీన్ 1933లో ఇంగ్లండులో ఒక రసాయన ప్రయోగం దారి తప్పడం వల్ల అనుకోకుండా బయటపడింది. అందులో గట్టి రకాన్ని తయారుచేసే పద్ధతిని జర్మనీలో కార్ల్ జీగ్లర్ 1953లో కనిపెట్టాడు. మరుసటి ఏడాదే ఇటలీలో జూలియో నట్టా పాలీప్రొపిలీన్ తయారుచేశాడు. ఇద్దరికీ కలిపి 1963లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ రెండు ప్లాస్టిక్కులూ ఉక్కు కంటే ఎంతో మెత్తనివి. పలకకు వీటిని ఎంచుకోవడానికి ఒక కారణం ఆ మెత్తదనమే, దానివల్ల కత్తి పదును నిలుస్తుంది. పలక అరిగేదీ దానివల్లే.

ఏడాది వాడిన తెల్ల పలకను కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని భూతద్దంతో చూస్తే సంగతి అర్థమవుతుంది. మధ్యభాగం గీతల మీద గీతలతో గరుకుతేలి ఉంటుంది. ఒక్క గీత పడితే ప్లాస్టిక్కు పక్కకు జరిగి గట్టులా లేస్తుంది, ఊడిపోదు. దాన్ని అడ్డంగా ఇంకో గీత కోసినప్పుడు రెండు గీతల నడుమ మిగిలిన పలుచని రేకు వేలాడుతుంది, మూడో దెబ్బకు రాలిపోతుంది. వేలితో రాస్తే తగిలే పీచు అలా ఊడడానికి సిద్ధంగా ఉన్నదే. గీతల్లో పసుపు రంగు ఎంత తోమినా పోకపోవడానికి మరో కారణం ఉంది. పసుపులోని రంగు, క్యారెట్‌లోని రంగు నీళ్లలో కంటే నూనెలో కరిగే రకాలు. పాలిథిలీన్ కూడా గుణంలో నూనెకు దగ్గరి చుట్టమే కాబట్టి అవి దాన్ని పట్టుకుని వదలవు.

ఇలా రాలేది ఎంత? అమెరికాలోని నార్త్ డకోటా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు పలకల మీద క్యారెట్లు తరిగి రేణువులను లెక్కపెట్టి 2023లో ఫలితాలు ప్రకటించారు. వారి అంచనాలో పాలిథిలీన్ పలక వాడే మనిషికి ఏడాదికి 7.4 నుంచి 50.7 గ్రాముల దాకా, పాలీప్రొపిలీన్ పలకైతే 49.5 గ్రాముల దాకా రేణువులు తగలవచ్చు. పత్రికలు ఎక్కువగా పై అంకెనే పట్టుకున్నాయి. ఆ అంకెను పలక మీదే పరీక్షించి చూడవచ్చు. 30 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పలక నుంచి 50 గ్రాములు పోవాలంటే దాని ముఖం అంతటా దాదాపు 0.9 మిల్లీమీటర్లు అరగాలి. అంటే ఒకే వైపు వాడితే సెంటీమీటరు మందం పలక పదేళ్లకు కాగితమైపోవాలి. రోజంతా కోత నడిచే హోటల్లో ఆ మాట నమ్మవచ్చు కానీ, నలుగురున్న ఇంట్లో పలకలు అంతగా అరగవు. కింది అంకె 7.4 గ్రాములంటే ఏడాదికి 0.13 మిల్లీమీటర్లు. ఇది ఇంటి పలక మీద కనిపించే అరుగుదలకు దగ్గరగా ఉంది. రాలిందంతా కడుపులోకే పోదు కూడా, కొంత కడుగునీళ్లతో తూములోకి పోతుంది.

ఇంటి లెక్క తేల్చుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. కొత్త ప్లాస్టిక్కు పలకను గ్రాములు చూపించే వంటింటి త్రాసు మీద తూచి అంకె రాసిపెట్టుకోవాలి. ఆరు నెలల తర్వాత శుభ్రంగా కడిగి, ఆరబెట్టి మళ్లీ తూచాలి. పాలిథిలీన్ నీరు పీల్చదు కాబట్టి తగ్గిన బరువంతా రాలిన ప్లాస్టిక్కే. చెక్క పలకకు ఈ ఉపాయం పనికిరాదు. వానాకాలంలో అది గాలిలోని తేమ పీల్చి బరువెక్కుతుంది, ఎండాకాలంలో తగ్గుతుంది.

ఆ రేణువులు ఒంట్లో ఏం చేస్తాయన్న ప్రశ్నకు జవాబు ఇంకా పూర్తి కాలేదు. 5 మిల్లీమీటర్ల లోపు ముక్కలను ఇప్పుడు మైక్రోప్లాస్టిక్కు అంటున్నారు. ఆ మాటను బ్రిటిష్ సముద్ర శాస్త్రవేత్త రిచర్డ్ థాంప్సన్ బృందం 2004లో ప్రచారంలోకి తెచ్చింది. పలక నుంచి రాలేవి చాలావరకు 100 మైక్రోమీటర్ల లోపువి, సుమారుగా వెంట్రుక మందం. వాటిలో పెద్దవి పేగు గోడ దాటలేక మలంతో వెళ్లిపోతాయి. మరీ చిన్నవాటి గురించే శాస్త్రజ్ఞుల ఆలోచన. మెడ ధమనుల్లో పేరుకున్న కొవ్వును తీయించుకున్న 257 మందిపై చేసిన పరిశీలనను ఇటలీ వైద్యులు 2024లో ప్రకటించారు. వారిలో 150 మంది కొవ్వులో పాలిథిలీన్ ఆనవాళ్లు కనిపించాయి. అవి కనిపించినవారికి తర్వాతి మూడేళ్లలో గుండెపోటు, పక్షవాతం, మరణం వంటివి మిగతావారి కంటే ఎక్కువగా ఎదురయ్యాయి. ప్లాస్టిక్కే కారణమని దీంతో రుజువు కాలేదు. పైగా కొవ్వు కూడా కొన్ని పరీక్షల్లో పాలిథిలీన్‌లాగే కనిపించి లెక్కను పెంచగలదని విమర్శ ఉంది. నార్త్ డకోటా బృందం ఎలుక కణాల మీద పలక రేణువులను 72 గంటలు ఉంచి చూస్తే కణాలు చెప్పుకోదగ్గంతగా దెబ్బతినలేదు. భయపడడానికి ఆధారం చాలదు. అయితే తేలిగ్గా తప్పించుకోగలిగినదాన్ని తప్పించుకోవడానికి ఇంతకంటే గట్టి ఆధారం అక్కర్లేదు కూడా.

చెక్క అనగానే ముందు వచ్చే అభ్యంతరం శుభ్రత. చెక్క తడి పీలుస్తుంది కనుక సూక్ష్మజీవులకు ఇల్లవుతుందని, నున్నని ప్లాస్టిక్కే క్షేమమని ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం గట్టి నమ్మకం ఉండేది. అమెరికా సూక్ష్మజీవ శాస్త్రవేత్త డీన్ క్లైవర్, ఆయన సహచరులు 1990ల తొలినాళ్లలో దాన్ని పరీక్షకు పెట్టారు. చెక్కను ప్లాస్టిక్కంత శుభ్రంగా చేసే మార్గం కనుక్కోవాలన్నది వారి మొదటి ఉద్దేశం. రకరకాల చెక్కల మీద, ప్లాస్టిక్కుల మీద సాల్మొనెల్లా, లిస్టీరియా, ఇ. కోలై పోసి చూశారు. చెక్క మీద పోసినవి తడితో పాటు పోగుల మధ్యకు ఇంకిపోయాయి. అక్కడ పెరగలేదు, క్రమంగా చచ్చిపోయాయి. కొత్త ప్లాస్టిక్కు పలకను చేత్తో కడిగితే శుభ్రమైంది. కత్తిగాట్లు పడ్డ పాత ప్లాస్టిక్కు పలకను చేత్తో ఎంత కడిగినా, ముఖ్యంగా కోడికొవ్వు అంటుకున్నప్పుడు, గాట్లలో సూక్ష్మజీవులు మిగిలే ఉన్నాయి. 1994లో వెలువడిన ఈ ఫలితాలతో వాదన ముగియలేదు కానీ, చెక్క మురికిదన్న ముద్ర మాత్రం చెదిరింది. అమెరికా ఆహార నియమావళి సాధారణంగా చెక్కను ఆహారానికి తగలనివ్వదు. పలకల విషయంలో మాత్రం గట్టి మేపుల్‌కు, దానంత గట్టిగా పోగు దగ్గరగా ఉండే చెక్కకు మినహాయింపు ఇస్తుంది.

చెక్క కూడా రాలుతుంది. నార్త్ డకోటా పరీక్షలో లెక్కకు ప్లాస్టిక్కు కంటే చెక్క రేణువులే ఎక్కువ కనిపించాయి. రాలేది సెల్యులోజు, లిగ్నిన్, అంటే గోరుచిక్కుడు పీచులో, మునగకాడ తొక్కలో ఉండేవే. మనిషి పేగులు పుట్టినప్పటి నుంచీ వాటితో వేగుతున్నాయి. చెక్కపొడి హాని చేస్తుందన్న మాట వడ్రంగుల ఊపిరితిత్తులకు, ముక్కుకు సంబంధించింది, కూరలో పడిన పిసరుకు కాదు.

ఏ చెక్క మంచిదన్నది దాని గట్టిదనం మీద, పోగు అల్లిక మీద ఆధారపడుతుంది. గట్టిదనాన్ని కొలవడానికి ఆస్ట్రియాకు చెందిన గాబ్రియేల్ యాంకా పేరుతో ఒక పద్ధతి ఉంది. 11.28 మిల్లీమీటర్ల ఉక్కు గోళీని చెక్కలోకి సగం దిగేదాకా నొక్కి, అందుకు పట్టిన బలాన్ని చూస్తారు. పౌండ్లలో చెబితే గట్టి మేపుల్ 1450, టేకు 1070 దగ్గర, మామిడి కూడా అంతే. మరీ మెత్తనిదైతే గాట్లు లోతుగా పడి తడి నిలుస్తుంది. మరీ గట్టిదైతే వాదర దెబ్బతింటుంది. టేకుకు సొంత నూనె ఉంది కాబట్టి నీటిని బాగా తట్టుకుంటుంది. అయితే దాని పోగులో ఇసుకలో ఉండే సిలికా కొంత ఉంటుంది, అందువల్ల కత్తిని కాస్త తరచుగా సానపట్టాలి. శీషం, నల్లతుమ్మ పలకకు బాగా కుదురుతాయి. మామిడి చవకే, కానీ పురుగు పట్టే చెక్క కనుక దానికి ఏ మందు పెట్టారో అమ్మేవాణ్ణి అడిగి తెలుసుకోవడం మంచిది. రబ్బరు చెట్టు చెక్కనూ పురుగు పట్టకుండా సాధారణంగా బోరాన్ మందులో నానబెడతారు. చింత వీటన్నిటికంటే గట్టిది, అందుకే మాంసం కొట్లలో చింతమొద్దు ఉంటుంది. ఏ చెట్టైనా చేవ తీసుకోవాలి, తెల్లచెక్క త్వరగా తడి పీల్చి పాడవుతుంది. పాత తలుపులు, దూలాల నుంచి కోయించిన చెక్క చూడ్డానికి ఎంత అందంగా ఉన్నా వంటింటికి వద్దు. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు, చెదలమందు ఎంత లోతుకు ఇంకిందో బయటికి తెలియదు.

చెక్క పలక కొన్నంత మాత్రాన ప్లాస్టిక్కు తప్పిపోయిందనుకోవడం పొరపాటు. అది మూడు చోట్ల దాక్కుంటుంది. మొదటిది పైపూత. వడ్రంగి దుకాణంలో నిగనిగలాడేటట్టు చేయమంటే వేసేది చాలాసార్లు మెలమైన్ పాలిష్ లేదా పీయూ పాలిష్. రెండూ ఆరాక పలుచని ప్లాస్టిక్కు పొరలే. తలుపుకు అవి మేలు. కత్తి పడే చోట మాత్రం పొర మొదటి నెలలోనే పెచ్చులుగా లేస్తుంది. తెలుసుకోవడానికి పలక అడుగున ఒక మూల బ్లేడుతో మెల్లగా గీకితే చాలు. చెక్కపొడి, నూనె జిడ్డు వస్తే నూనె పట్టించిన పలక. పారదర్శకమైన రేకులు, లేదా తెల్లటి పెళుసు పొట్టు వస్తే పైపూత ఉన్నట్టు. ఏటికొప్పాక బొమ్మల మీద లక్క ప్రకృతి పదార్థమే అయినా కోసే ముఖానికి అదీ పనికిరాదు, పెళుసుగా ఊడిపోతుంది.

రెండోది జిగురు. పెద్ద పలకలు ఎక్కువగా ఒకే దిమ్మ నుంచి రావు, పట్టీలు అతికించి చేస్తారు. ఆ జిగురు సాధారణంగా పాలీవినైల్ ఎసిటేట్, అదీ ప్లాస్టిక్కే. పలక చివరి అంచును చూస్తే అతుకులు తెలుస్తాయి. వలయాల గీతలు ఒక చోట హఠాత్తుగా తెగి దిశ మారితే అక్కడ అతుకు ఉన్నట్టు. రెండు చేతుల వేళ్లు పెనవేసినట్టు రంపపు పళ్ల గీత కనిపిస్తే చిన్న తునకలను పొడవుగా అతికించారన్నమాట. దీన్ని మరీ భూతద్దంలో చూడనవసరం లేదు. 30 సెంటీమీటర్ల పలకలో 11 అతుకులుండి, ఒక్కొక్కటి 0.1 మిల్లీమీటర్ల మందం ఉందనుకుంటే కత్తికి తగిలే ముఖంలో జిగురు వాటా అర శాతం కూడా కాదు. అయినా అదీ వద్దనుకుంటే ఏకచెక్క పలక తీసుకోవాలి. దానికి ఒక ఇబ్బంది ఉంది. చెక్క పోగు పొడవునా దాదాపు కుంచించుకుపోదు. అడ్డంగా కుంచించుకుపోతుంది, అందులోనూ వలయాల వెంబడి ఎక్కువ, వలయాలకు అడ్డంగా దాదాపు సగమే. ఈ తేడా వల్లే వెడల్పాటి పలక తడిసి ఆరేసరికి దోనెలా వంగుతుంది. అందుకే ఏకచెక్క పలక 20, 25 సెంటీమీటర్ల వెడల్పు మించకుండా, మూడు సెంటీమీటర్లకు తగ్గని మందంతో ఉంటే ఎక్కువకాలం నిలుస్తుంది.

అడ్డకోత దిమ్మలతో చేసిన పలకలు వేరే జాతి. వాటిలో పోగులు చీపురు పుల్లల్లా నిలువుగా నిలబడి ఉంటాయి. కత్తి వాటిని తెంచకుండా మధ్యలోకి దూరి బయటికి వస్తుంది, పోగులు మళ్లీ దగ్గరవుతాయి. వాదరకు ఇంతకంటే సుఖమైన ముఖం లేదు. కానీ చిన్న చిన్న దిమ్మలు అతికిస్తే గాని ఈ పలక తయారవదు కనుక జిగురు అతుకులూ ఎక్కువే, ధరా ఎక్కువే.

మూడోది, అన్నిటికంటే మోసకారిది, చెక్కలా కనిపించే ప్లాస్టిక్కు. వెదురు గడ్డిజాతి, బోలుగా ఉంటుంది. దాన్ని సన్నని పట్టీలుగా చీల్చి, రెసిన్ జిగురు పెట్టి, వేడిమీద నొక్కి పలక చేస్తారు. కాబట్టి జిగురు అతుకులు మామూలు చెక్క పలక కంటే ఎన్నో రెట్లు ఉంటాయి. చవక రకాల్లో ఫార్మాల్డిహైడ్ ఆధారిత రెసిన్ వాడతారు. వెదురుపొడిని మెలమైన్ ప్లాస్టిక్కులో కలిపి ప్రకృతి సరుకుగా అమ్మే పళ్లేలు, గ్లాసుల మీద యూరోపియన్ యూనియన్ 2021లో ప్రత్యేకంగా చర్యలు మొదలుపెట్టింది, అక్కడ ఆ మిశ్రమానికి అసలు అనుమతే లేదు. కాగితపు పీచును ఫినాల్ రెసిన్‌లో ముంచి గట్టిపరచిన పలకలు కూడా అంగట్లో చెక్క పక్కనే ఉంటాయి. అవి గట్టివే, ఎక్కువకాలం మన్నుతాయి. ప్లాస్టిక్కు వద్దనుకున్నవారికి మాత్రం కావు. మిగిలిపోయిన ప్లైవుడ్డు ముక్క మీద, సన్‌మైకా అంటించిన బల్ల మీద తరగడమూ ఇదే కోవలోకి వస్తుంది.

రాయి, గాజు, ఉక్కు పలకల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. వాటి నుంచి ప్లాస్టిక్కు రాదు, కత్తే పాడవుతుంది. గట్టు మీది గ్రానైటు కత్తి ఉక్కు కంటే గట్టిది. గాజు మీద నాలుగు రోజులు టమాటా కోస్తే ఐదో రోజు తొక్క తెగదు, కాయ నలుగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు పలక ఉక్కు కత్తి కంటే మెత్తనిదే అయినా చెక్కతో పోలిస్తే చాలా కఠినం. దాని మీద ముక్కలు జారతాయి, వాదర వంగిపోతుంది. వాసన పట్టకపోవడం, సలసల కాగే నీళ్లు పోసి కడగగలగడం దాని మేళ్లు. చేపలు, మాంసం కోసి పెట్టుకోవడానికి పలకగా కాకుండా పళ్లెంగా బాగా పనికొస్తుంది.

చెక్క పలకకు కావలసిన సేవ కొంచెమే, అదీ నూనె. ఏ నూనె అన్నదే ప్రశ్న. అవిసెనూనె వంటివి గాలి తగిలి గట్టిపడతాయి, చెక్క లోపలే ఒక పొరగా మారతాయి. పచ్చి అవిసెనూనె ఆరడానికి వారాలు పడుతుంది. రంగుల కొట్లో అమ్మే మరిగించిన అవిసెనూనెలో త్వరగా ఆరడానికి కోబాల్ట్, మాంగనీస్ లవణాలు కలిపి ఉండవచ్చు, అది వంటింటిది కాదు. అవిసెనూనె గుడ్డను ఉండచుట్టి మూల పడేయకూడదు, దానంతటదే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. వేరుశెనగ, నువ్వుల నూనెలు సరిగా గట్టిపడవు, కొన్నాళ్లకు కంపు కొడతాయి. కొబ్బరినూనెలో దాదాపు 90 శాతం సంతృప్త కొవ్వే కాబట్టి త్వరగా చెడదు. తెలుగు ఇళ్లలో ఎప్పుడూ ఉండే సరుకూ అదే. ఆహారానికి వాడదగ్గ మినరల్ ఆయిల్ అసలు చెడదు కానీ అది పెట్రోలియం నుంచి వచ్చేది. ప్లాస్టిక్కు కాకపోయినా అదే పుట్టింటిది కనుక కొందరు వద్దనుకుంటారు. కొబ్బరినూనెలో తేనెమైనం కరిగించి పట్టిస్తే నీరు బాగా జారుతుంది. పొడిగా ఉన్న పలకకు రాత్రి రాసి, పొద్దున్న గుడ్డతో తుడిచేయాలి. నెలకోసారి చాలు.

కడగడంలో ఒకటే కట్టుబాటు: చెక్కను నీళ్లలో నాననివ్వకూడదు. సబ్బుతో తోమి, కడిగి, వెంటనే తుడిచి, రెండు ముఖాలకూ గాలి తగిలేటట్టు నిలబెట్టాలి. నీడన ఆరబెట్టడం మంచిది. మండుటెండలో పెడితే ఒక వైపు ముందు ఆరి పగులుతుంది. ప్లాస్టిక్కు పలకకైతే ఎండ ఇంకా చెరుపు, అతినీలలోహిత కిరణాలకు పాలిథిలీన్ పెళుసుబారి రాలడం పెరుగుతుంది. ఉల్లి, వెల్లుల్లి వాసనకు కల్లుప్పు చల్లి నిమ్మచెక్కతో రుద్దితే సరిపోతుంది. పచ్చి మాంసానికి వేరే పలక ఉండాలన్నది ఏ పదార్థానికైనా మారని నియమం.

గాట్లు లోతై, నల్లబడి, కడిగినా నునుపు రాని ప్లాస్టిక్కు పలకను పారేయడం తప్ప దారి లేదు. చెక్క పలకైతే వడ్రంగి దగ్గర ఒక మిల్లీమీటరో రెండో చిత్రిక పట్టిస్తే లోపలి నుంచి కొత్త ముఖం వస్తుంది. మూడు సెంటీమీటర్ల పలకను అలా ఆరేడుసార్లు తీయించవచ్చు. మాంసం కొట్టులోని చింతమొద్దు కూడా అంతే. నడుమ గుంటపడి కత్తి సరిగా ఆననప్పుడు పై నాలుగు వేళ్ల మందం రంపంతో కోయించి, మిగిలిన మొద్దును మళ్లీ కొట్టులో పెట్టుకుంటారు.